బావ చేతిలో తాడు

మా పెళ్లిచూపుల్లో అత్తవారు నా ముఖం చూడలేదు. మా అన్న చేతులు చూశారు.

పాతూళ్లో మా ఇంటి ముందుగదిలో కూర్చుని, మా అత్త మదీనా బీ అన్నని దగ్గరికి పిలిచింది. అరచేతులు చాపమంది. వేళ్లు ఒక్కొక్కటీ వంచి చూసింది. తన చీర కొంగు అతని గుప్పిట్లో పెట్టి, "గట్టిగా అట్టుకో" అని ఒక్క లాగు లాగింది. కొంగు చిరిగింది గాని గుప్పిట వదల్లేదు.

"ఇంకేటి, కాయం సేసుకోండి" అంది మదీనా బీ.

టీ కప్పులతో తలుపు వెనక నిలబడ్డ నావైపు ఎవరూ చూడనేలేదు. పెళ్లికొడుకు మాత్రం ఓరగా చూసి నవ్వాడు. అందుకే ఒప్పుకున్నాను.

పెళ్లికొడుకు రహమాన్ పోర్టులో డైవరు. ఓడల అడుగున పట్టిన గుల్లలు గీకడం, తెగి పడిపోయిన లంగర్లు వెతికి తీయడం పని. వాళ్ల నాన్న హుస్సేన్ బాషా, తాత అందరూ అదే చేశారు. నీళ్లలోకి దిగేవాడి నడుముకు ఒక తాడు కడతారు. పైన ఆ తాడు పట్టుకునేవాడు దిగినవాడి బావమరిదే అయి ఉండాలి. అది వాళ్లింటి ఆచారం. సొంత తమ్ముడైనా కునుకు తీస్తాడేమో గాని, చెల్లెలి గాజులు ఆ తాడుకు వేలాడుతుంటే అన్న కన్ను మూయడని వాళ్ల నమ్మకం. పని అయ్యాక ఇంట్లో అన్నం కూడా ముందు తాడు పట్టినవాడికే వడ్డిస్తారు. దిగినవాడికి తర్వాత.

తాడు మాట్లాడుతుంది. ఒకసారి గుంజితే బాగున్నానని. రెండుసార్లు గుంజితే వదులు చెయ్యమని. మూడైతే వస్తున్నానని. నాలుగైతే లాగెయ్యమని.

మా అన్న కరీం బాషాది పూర్ణా మార్కెట్ దగ్గర గొడుగులూ తాళాలూ బాగుచేసే చిన్న కొట్టు. ఓడ వచ్చినప్పుడల్లా షట్టరు దించి, గొణుక్కుంటూ హార్బరుకు వెళ్లేవాడు.

ఆ తాడు భాష ఇంట్లో మా ఇద్దరికీ ఆటైపోయింది. పొద్దున్నే రహమాన్ కాలి బొటనవేలికి దారం కట్టి, రెండో కొస వంటింట్లో నా దగ్గర పెట్టుకునేదాన్ని. టీ మరిగాక ఒకసారి గుంజేదాన్ని. అటునుంచి రెండుసార్లు గుంజేవాడు. ఇంకాసేపు వదిలెయ్యమని. కురచగా రెండు. మధ్యలో చిన్న ఊపిరంత ఖాళీ.

ఇంకో రూలు మదీనా బీది. నీళ్లలో దిగినవాడు పొద్దుగూకేసరికి ఇంటికి రావాలి. ఆమె వండిన అన్నం తినాలి. నేల మీద పడుకోవాలి. "సముద్రానికి మడిసిని అలవాటు సెయ్యకూడదు" అనేది. మా మామ జన్మంతా నీళ్లలో దిగి, చివరికి పండు ముసలితనంలో ఇంట్లో నేల మీద నిద్రలో పోయాడు. ఆ రూలు పాటించినందుకే అలా పోయాడని ఆమె వాదన. కాదనడానికి మా దగ్గర ఏ రుజువూ లేదు.

ఎనభై మూడో సంవత్సరం, చలి తగ్గి ఎండ ఇంకా ముదరని రోజుల్లో, తాతబాబు గారు స్కూటరు మీద మా ఇంటికి వచ్చాడు.

ఆయన నేవీలో డైవరుగా చేసి రిటైరైన మనిషి. వస్తూనే సంచిలోంచి రబ్బరు అంచున్న అద్దం ఒకటి తీసి రహమాన్ ఒళ్లో పడేశాడు.

"రహమానూ, హార్బరు నీళ్లల్లో నీ సెయ్యి నీకు కనపడతాదా?"

"మూతి ముందెట్టుకున్నా కనపడదండి. అంతా బురద, నూనె. తడుంకుంటా పన్జేత్తాను."

"అండమాన్ల సముద్రంలో సూది పడినా కనపడతాదిరా."

ఆయన పథకం ఇది. వీపుకు గాలి సిలిండరు కట్టి మామూలు జనాన్ని సముద్రం అడుక్కి తీసుకెళ్లి పగడాలూ చేపలూ చూపించాలి. వచ్చే చలికాలం అండమాన్‌లో మొదలు. ముందుగా ఇక్కడ పరీక్ష. భీమిలి దాటాక నడి సముద్రంలో నీళ్ల కింద ఒక రాయుంది. జాలర్లు సిలకరాయి అంటారు. దాని చుట్టూ చిలకల్లాంటి రంగు చేపలు తిరుగుతాయట. జనాన్ని అక్కడ దించి పైకి తేవడానికి ఒక మనిషి కావాలి. ఇక్కడ నెగ్గితే అండమాన్ పని కూడా అతనిదే. కుటుంబానికి ఇల్లు కూడా ఇస్తారు.

"ఒక్కటే తేలట్నేదు" అన్నాడు తాతబాబు గారు. "ఒడ్డున షెడ్డేసి, పొద్దున్న తీసుకెళ్లి సాయంత్రానికి తెచ్చీడమా, బోటులోనే వారం పదిరోజులు మడుసుల్ని ఉంచీడమా అని."

లోపల్నించి మదీనా బీ గొంతు వచ్చింది. "సాయంత్రానికి తెచ్చీండి. మావోడు అన్నానికి ఇంటికాడుండాల."

"అలాగేనమ్మా."

"తాడో?"

"సిలిండరుంటే తాడెందుకమ్మా?"

"తాడు నేకపోతే మావోడు నేడు."

తాతబాబు గారు మా అన్న చేతుల వైపు చూశాడు. చూసి, "తాడు మా నేవీలోనూ కడతారులెండి" అని ఒప్పేసుకున్నాడు.

ఆయన స్కూటరు సందు దాటిందో లేదో రహమాన్ అద్దం తగిలించుకుని పెరట్లో నీళ్ల గోలెంలో తల ముంచాడు. ఎంతకీ లేవడే. వీపు మీద ఒకసారి తట్టాను. రెండు వేళ్లు పైకెత్తి చూపించాడు.

*

మొదటి రోజు ఫిషింగ్ హార్బరు నుంచి తెల్లవారకముందే బయల్దేరారు. తాతబాబు గారి మరబోటు, జాలరిపేట ఎల్లారావు డ్రైవరు. చూడ్డానికి వచ్చినవాళ్లు నలుగురు, స్టీల్ ప్లాంటు కడుతున్న కుర్ర ఇంజినీర్లు, ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లు.

సాయంత్రం మా అన్నను రిక్షాలో తెచ్చారు. ముఖం మునగాకు రంగులో ఉంది.

"సెల్లీ, హార్బరులో నీళ్లు కుదురుగా కూకుంటాయి. అక్కడ నీళ్లు లెగుత్తాయే!" అని అరుగు మీద పడిపోయాడు. ముందు వడ్డించిన కంచం వైపు చూసి మళ్లీ వాంతి చేసుకున్నాడు.

రహమాన్ అన్నానికి కూర్చోలేదు. లైటు కింద నిలబడి తన రెండు చేతులూ ముఖం ముందు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

"ఏటండి, దెబ్బేటైనా తగిలిందా?"

"నేదే. నీళ్లల్లో నా సేతులు సూసాను" అన్నాడు. "ఇన్నేళ్లలో ఇదే మొదలు. గోళ్లు కూడా కనపడ్డాయే, మాబున్నీ!"

నా పేరు మహబూబున్నీసా. అంత పేరుని అంత ముద్దుగా విరవడం అతనికొక్కడికే చేతనవును.

ఆ ఒక్కరోజు అదృష్టం. గాలి లేక నీళ్లు తేటగా దొరికాయి. ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ ఒకటే కథ. రాయి చేరేసరికి ఎండెక్కేది. ఎండతో పాటు గాలి లేచేది. గాలి లేవగానే అడుగు ఇసక రేగి నీళ్లు మజ్జిగైపోయేవి. ఇంజినీర్లు దిగి, ఏమీ కనపడక పైకొచ్చి, మా అన్న పక్కనే వరసగా బోటు అంచు పట్టుకుని వాంతులు చేసుకునేవారు. వాళ్లలో బొద్దుగా ఉండే సన్యాసిరాజు, తగరపువలస రైతుబిడ్డ, ఓ రోజు తాతబాబు గారితో అనేశాడు.

"సార్, వాంతి సేసుకోడానికి ఇంత దూరం రావాలేటండి? మా ఊరి బస్సెక్కితే సాలదా?"

మర్నాడు తాతబాబు గారు మళ్లీ మా అరుగు మీదికొచ్చాడు.

"తెల్లారీసరికి రాయి మీదుండాల. గాలి లెగవక ముందే దిగాల. ఒడ్డునుంచి ఎల్లీవోడికి ఆ నీళ్లు దొరకవు. బోటులో పడుకున్నోడికే దొరుకుతాయి." ఆగి, మదీనా బీ వైపు చూడకుండా అన్నాడు. "ఆకరి పరీచ్చ. వారం రోజులు బోటు మీదే. రహమాన్ వత్తే సరి. నేకపోతే ఇంకోడ్ని సూసుకుంటాను. అండమాన్‌కీ వోడే."

"ఇంకోడ్ని సూసుకోండి" అంది మదీనా బీ.

తల్లికి ఎదురు చెప్పడం రహమాన్‌కి రాదు. మర్నాటినుంచి హార్బరు పనికి పోయాడు. నూనె వాసనతో వచ్చేవాడు, తినేవాడు, పడుకునేవాడు. అద్దం గోడకు మేకు మీద వేలాడుతోంది. దాని వైపు చూడకుండా ఉండటానికి తల తిప్పుకుని నడిచేవాడు. పొద్దున్నే దారం గుంజితే అటునుంచి జవాబు వచ్చేది కాదు. నేరుగా లేచి వచ్చి టీ తాగేవాడు.

ఆ దారం ఊరుకోవడం నేను భరించలేకపోయాను. చేపలు తోముతున్న అత్త పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఆయన పొద్దుగూకితే మీ సేతి అన్నం తినాల. అంతేనా?"

"అంతే."

"మీరూ బోటెక్కితే?"

చేప చేతిలోంచి జారింది. "ఏటన్నావ్?"

"మీరు పొయ్యెట్టుకున్న కాడే ఇల్లు గదా."

ఆమె జారిన చేపను తీసి మళ్లీ తోమింది. తిడుతుందనుకున్నాను. చివరికి, ఓడిపోయే ముందు వకీలు చూపించే ఆఖరి కాగితంలా, "పడక నేల మీదుండాల. బోటులో నేలెక్కడుందే?" అంది.

నేను పెరడు వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

*

బయల్దేరే రోజు ఫిషింగ్ హార్బరంతా మా సామాను చూడ్డానికి పోగైంది. కిరసనాయిలు పొయ్యి, చిన్న రోలు, ఉల్లిపాయల గంప, కాళ్లు కట్టిన కోళ్లు. వాటి వెనక రహమాన్ భుజం మీద రెండు గోనె సంచులు, మా పెరటి మట్టితో.

ఎల్లారావు సంచిలో చెయ్యి పెట్టి చూశాడు. "ఏటిది మామ్మా? బోటులో ఆనపపాదు ఎడతావేటి?"

"నోరు ముయ్యిరా. నా కొడుకు పడక."

మదీనా బీ బోటు వెనక గదిలో ఆ మట్టిని తనే పరిచింది. చేత్తో చదును చేసింది. పైన చాప వేసింది. తాతబాబు గారు నేవీలో ఎన్నో ఓడలు చూసి ఉంటాడు గాని, ఇది చూడలేదు. తల గోక్కుని, "ఇంజన్ మీద పడకుండా సూసుకోండమ్మా" అని మాత్రం అన్నాడు.

అత్త ఒక్కతే ఆడమనిషి కాకూడదని నేనూ ఎక్కాను. అసలు కారణం అందరికీ తెలుసు. అన్న మాత్రం చేతిలో నిమ్మకాయ పట్టుకుని, ఉరికంబం ఎక్కుతున్నవాడిలా ఎక్కాడు.

ఆ వారం తల్చుకుంటే ఇప్పటికీ నోట్లో ఉప్పు, మసాలా కలిసి తగులుతాయి. రాత్రీ పగలూ రాయి దగ్గరే లంగరు. తెల్లారేసరికి సముద్రం అద్దం. వంగి చూస్తే లంగరు తాడు అడుగు దాకా కనిపించేది. దాని చుట్టూ పచ్చ, నీలం చేపలు. రహమాన్ ఇంజినీర్లను ఒక్కొక్కర్నే చెయ్యి పట్టి దించేవాడు. మొదటిసారి పైకొచ్చిన సన్యాసిరాజు అద్దం తీయకుండానే అరిచాడు.

"ఒరే, అవి గడ్డి మేత్తన్నాయిరా! మా గేదెల్లాగ! నా పక్కనే!"

గాలి లేచేసరికి దిగడం అయిపోయేది. ఇక మిగిలిన పగలంతా తిండి, నిద్ర, అబద్ధాలు. మదీనా బీ చేపల పులుసుకు ఇంజినీర్లు కంచాలు పట్టుకుని క్యూ కట్టేవారు. ఎల్లారావు తను పట్టిన సొరచేపల సైజు పూటపూటకీ పెంచేవాడు. ఇంటికి పోదామన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఒక్క మదీనా బీ మాత్రం సముద్రానికి వీపు పెట్టి కూర్చునేది. బోటు ఎటు తిరిగితే తనూ అటు జరిగి, ముఖం పొయ్యి వైపే ఉంచుకునేది.

"అత్తా, ఒక్కసారి సూడండి, ఎంత బాగుందో."

"దాన్ని సూడాల్సినంత సూసాను. దాని సాకిరీకి నా మొగుడ్నిచ్చాను, కొడుకునిచ్చాను. మొకం గూడా ఇవ్వాలేటి?"

ఓ రోజు ఒక సంగతి జరిగింది.

పొద్దున్నే లంగరు రాయి సందులో ఇరుక్కుంది. ఇంజినీర్లు దిగేలోగా విడిపించి వస్తానని రహమాన్ ఒక్కడే దిగాడు. తాతబాబు గారు బోటు వెనకవైపు సిలిండర్లు సరిచేస్తున్నాడు. అన్న తాడు పట్టుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి బోటు పక్కకు ఒరిగింది. అన్న ముఖం మునగాకైంది.

"సెల్లీ, ఒక్క నిమసం అట్టుకో" అని తాడు నా చేతిలో పెట్టి, అటువైపు అంచుకు పరుగెత్తాడు.

తడి తాడు. బరువుగా ఉంది. అరచేతిలో సన్నగా వణుకుతోంది. పర్వాలేదనుకున్నాను.

హఠాత్తుగా బిగిసింది.

తాడు నీళ్లలోకి కోసుకుపోతున్నట్టు ఈడ్చింది. ఒకసారి. మళ్లీ. మళ్లీ. మళ్లీ. నా మోచేతులు అంచుకు గుద్దుకున్నాయి.

ఎల్లారావు చూశాడు. "నాలుగు! నాలుగుసార్లు గుంజీసినాడు! లాగండి!"

అన్న అటునుంచి నోరు తుడుచుకుంటూ, "లాగే! లాగే!" అని అరిచాడు. ఇంజినీర్లు లేచారు. తాతబాబు గారు సిలిండరు వదిలి పరుగెత్తుకొస్తున్నాడు.

నేను లాగలేదు.

ఆ ఈడ్పు ఆయనది కాదు. ఆయన అలా పొడుగ్గా గుంజడు. అది నీటి వాలు, సముద్రం అడుగున పారే నీళ్ల ఊపు. తాడుకేదో బరువు తగులుకుంది, దాన్ని వాలు లాగుతోంది. ఆ ఈడ్పు లోపల, ఎక్కడో అడుగున, తాడు పోగుల్లో ఇంకోటి ఉంది. కళ్లు మూసుకున్నాను. కురచగా రెండు. మధ్యలో చిన్న ఊపిరంత ఖాళీ.

ఇంకాసేపు వదిలెయ్యి.

"కాదు, వదులడుగుతన్నాడు" అన్నాను.

"పిచ్చా నీకు? మడిసి పోతాడు!" ఎల్లారావు తాడు మీద చెయ్యి వేశాడు.

"తాడు మీంచి సెయ్యి తియ్యిరా!"

మదీనా బీ. పొయ్యి దగ్గరనుంచి లేచి నిలబడింది. ఆ వారంలో మొదటిసారి ఆమె ముఖం సముద్రం వైపు ఉంది. చూపు మాత్రం నా చేతుల మీద ఉంది.

ఎల్లారావు చెయ్యి తీసేశాడు. నేను తాడు వదిలాను. బారెడు, ఇంకో బారెడు. తాడు వంకర తిరిగి నీళ్ల మీద తేలింది. కోడి ఒకటి కొక్కొరోమంది. ఎవరో దాన్ని తన్నారు.

తర్వాత, నెమ్మదిగా, మూడు.

రహమాన్ తల నీళ్లమీదికి వచ్చింది. చేతిలో ఎవరి బోటునుంచో తెగి రాయికి చుట్టుకున్న పాత వల ముక్క. నోట్లోంచి గొట్టం తీసి, ఎండకు కళ్లు చికిలిస్తూ అరిచాడు.

"బావా! బాగా వొదిలావు! తాడు ఈ వలకి సుట్టీసుకుందిరా. లాగుంటే నన్నూ దాంట్లోనే బిగించీద్దువు!"

అద్దం పైకెత్తి చూశాడు. తాడు వెంట కళ్లు పైకి వచ్చాయి. తాడు చివర గాజులు కనపడ్డాయి.

"నువ్వా?" అన్నాడు.

తాడు ఒకసారి గుంజాను. బాగున్నాను.

"ఉల్లిపాయలు మాడిపోతన్నాయి" అంటూ మదీనా బీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం అందరూ కూర్చున్నారు. అలవాటుగా అన్న కంచం ముందుకు జరిపాడు. మదీనా బీ గరిటె అతని కంచం మీదుగా వచ్చి నా కంచంలో దిగింది. ముందు నాకు. పెద్ద ముక్క. ఇంజినీర్లకు అర్థం కాలేదు. మా అన్నకు అర్థమైంది.

"అత్తా" అన్నాడు, ఆశగా, "అయితే నాను రేపట్నుంచి నా కొట్టు తెరుసుకోవచ్చా?"

"ముందు అన్నం తిను. ఈరోజైనా కడుపులో ఉంచుకో."

అన్న ఆ వారంలో మొదటిసారి కంచం ఖాళీ చేశాడు. వాంతి కాలేదు. ఇంజినీర్లు చప్పట్లు కొట్టారు.

*

చివరి రోజు. తాతబాబు గారి లెక్క తేలిపోయింది. అండమాన్‌లో షెడ్డు వద్దు, బోటే. రహమానే. మా ఆయన ఎగిరి గంతేయలేదు. తల్లి వైపు చూశాడు. ఈ వారం వేరు. అక్కడైతే ఏడాదిలో సగం బోటు మీదే. ఇక్కడ ఆమె వద్దంటే అక్కడికి వెళ్లడు. అది నాకూ తెలుసు, తాతబాబు గారికీ తెలుసు.

"ఏటంటారమ్మా?" అన్నాడు తాతబాబు గారు.

మదీనా బీ గిన్నెలు కడుగుతోంది. ఆఖరి గిన్నె బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఆ అద్దం ఇలాగియ్యి."

రహమాన్ తనే తల్లి ముఖానికి అద్దం తగిలించాడు. జుట్టు ఇరుక్కోకుండా సర్దాడు. నోట్లో గాలి గొట్టం ఎలా పట్టుకోవాలో చూపించాడు. నిచ్చెన ఆఖరి మెట్టు మీద, నడుం లోతు నీళ్లలో కూర్చోబెట్టాడు. చీర గాలిబుడగలా ఉబ్బి తేలింది. నడుముకు తాడు కట్టాడు. రెండో కొస పట్టుకుని పైకి చూశాడు.

అక్కడ అన్నా ఉన్నాడు, నేనూ ఉన్నాను. తాడు నాకిచ్చాడు.

ఆమె బిస్మిల్లా అంది. ముఖం నీళ్లలో పెట్టింది.

పెట్టి, అలాగే ఉండిపోయింది. తెల్లజుట్టు నీళ్లమీద విచ్చుకుంది. కింద చిలకచేపల గుంపు రాయి చుట్టూ తిరిగి ఆమె పాదాల దగ్గరికి వచ్చింది. ఆమె భుజాలు ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి, తర్వాత కుదురుకున్నాయి. చేతులు నెమ్మదిగా ముందుకు చాపింది. వేళ్లు విప్పింది. ముడిచింది. మళ్లీ విప్పింది.

గాలి లేస్తోంది. ఎల్లారావు ఇంజను దగ్గర నిలబడ్డాడు. "మామ్మా, ఇంక లెగు, ఎల్లిపోవాల" అని కేకేశాడు. నీళ్లలో చెవులకు ఏం వినపడుతుంది?

నేను తాడు ఒకసారి గుంజాను. బాగున్నారా అని.

రహమాన్ నా పక్కనే నిచ్చెన పట్టుకుని, కళ్లార్పకుండా నా చేతిని చూస్తున్నాడు.

అప్పుడు వచ్చింది జవాబు. కురచగా రెండు.

నేను తాడు వదులు చేశాను.